కార్డు ముక్క చెరపడానికి కోనసీమకి

కోనసీమ వెళ్ళొచ్చినవాళ్ళు కొబ్బరితోటల గురించీ గోదావరి పాయల గురించీ రాస్తారు. నేనూ రాస్తాను గానీ, ముందే చెప్పేస్తున్నాను, నేను వెళ్ళింది వాటికోసం కాదు. ఒక తప్పు చేశాను, దిద్దుకుందామని వెళ్ళాను. తోటలూ పాయలూ దారిలో తగిలాయి.

నా పని కాలేయం. హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో పొట్ట ఉబ్బి, కళ్ళు పసుపైపోయి వార్డులో చేరిన మనుషులు వరసగా పోతుంటే మా ప్రొఫెసరుగారు కేస్ షీటు మూసి "కాలేయం" అని ఒక్క మాట అనేవారు. ఆ మాట వెనక ఏముందో చూద్దామని పరిశోధనలోకి వచ్చి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో కూర్చుని రోగుల బదులు రక్తం సీసాలు చూస్తుంటాను. ఇదంతా విడమరిచి చెప్పలేక మా అమ్మ అందరితోనూ "మా పాప కామెర్ల డాక్టరు" అనేసి ఊరుకుంటుంది.

డెబ్బైల చివర కోనసీమలో కొన్ని ఊళ్ళు తిరిగి రక్తం నమూనాలు తీసుకున్నాం. కామెర్లలో ఏది నీళ్ళ వల్ల వస్తుందో, ఏది రక్తం ద్వారా పాకుతుందో అప్పుడప్పుడే తేలుతున్న రోజులు. సూది గుచ్చి, సీసా నింపుకుని, మళ్ళీ ఆ ఊరి మొహం చూడని పరిశోధకులు చాలామంది ఉంటారు. నేను అలాంటిదాన్ని కాదని నాకు మహా గర్వం. రక్తం ఇచ్చిన ప్రతి మనిషికీ ఫలితం రాసి పంపాను. నా చేత్తో, తెలుగులో, గుండ్రటి అక్షరాలతో. కార్డు మీద.

వాటిల్లో ఒక కార్డులో ఇలా రాశాను: "మీకు జబ్బు లేదు. కాని మీ రక్తంలో కామెర్ల క్రిమి ఉన్నది. ఇతరులకు అంటకుండా జాగ్రత్తపడగలరు." దేనివల్ల అంటుతుందో, దేనివల్ల అంటదో రాయడానికి కార్డులో చోటు చాల్లేదు.

ఆరు నెలలకి జవాబొచ్చింది. "డాక్టరమ్మగారికి నమస్కారములు. మీ కార్డు అందినదండి. అప్పట్నుంచి మా ఇంటి పూతరేకులు ఎవరూ కొనడం లేదండి. పెళ్ళిళ్ళ నెలల్లో కూడా కుండ ఎక్కించలేదండి. నాకు ఒంట్లో ఏ బాధా లేదండి. తమరే రాసేరు గనక తమరే వచ్చి చెరపాలండి. ఇట్లు, రత్నం."

అంత మర్యాదగా నన్ను ఎవరూ తిట్టలేదు. ఎనభైలు మొదలైన కొత్తలో, తొలకరి పడ్డాక, సెలవు పెట్టి బయల్దేరాను.

గౌతమి మీద

రాజమండ్రిలో రైలు దిగి రావులపాలెం బస్సెక్కాను. నా చేతిలో రేకు పెట్టె ఒకటి ఉంది, లోపల ఐసు. ఎలాగూ వెళుతున్నాను కదా, రత్నంగారి రక్తం ఇంకోసారి పరీక్షకి తెచ్చుకుందామని నా ఆశ. పరిశోధన బుద్ధి ఎక్కడికి పోతుంది.

పెట్టె కిందనుంచి ఐసు నీళ్ళు కారి పక్కనున్న పెద్దాయన చెప్పులు తడిశాయి. ఆయన కాళ్ళు పైకి పెట్టుకుని, "చేపలాండీ?" అన్నారు.

"కాదండీ."

"రొయ్యలాండీ?"

"రక్తం సీసాలు పెట్టుకునే పెట్టెండీ."

ఆయన కాసేపు ఆలోచించి, కొంచెం ఎడంగా జరిగి, అంతే మర్యాదగా "ఎవరి రక్తమండీ?" అని అడిగారు. ఇంకా ఎవరిదీ లేదన్నాను. "ఆయ్" అని కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.

బస్సు గౌతమి వంతెన ఎక్కగానే ఆడవాళ్ళందరూ కొంగు ముడులు విప్పి నదిలోకి చిల్లర విసరడం మొదలుపెట్టారు. నా ముందు సీటులో ముసలమ్మగారు వెనక్కి తిరిగి, "మీరు వెయ్యలేదేమ్మా?" అని తన డబ్బుల్లోంచే ఒక ఐదు పైసల బిళ్ళ నా చేతిలో పెట్టారు. మాది అనంతపురం. మాకూ పెన్న అని ఒక నది ఉంది. పటంలో నీలంగా ఉంటుంది, ఊళ్ళో ఇసకగా ఉంటుంది. అందులో డబ్బులేస్తే సాయంత్రం వెళ్ళి ఏరుకోవచ్చు. ఇక్కడ కొత్త నీళ్ళు ఎర్రగా, ఆ గట్టు నుంచి ఈ గట్టు దాకా కదులుతున్నాయి. బిళ్ళ పడిన చప్పుడు కూడా వినబడలేదు.

కొత్తపేట

ఆ పూట కొత్తపేటలో దిగాను. రావులపాలెంలో ఎవరో గెల అరటిపళ్ళు కొంటే, చూసినందుకు నాకూ రెండు చేతిలో పెట్టారు, కాబట్టి ఆకలి లేదు. అయినా మెస్సులో పనసపొట్టు కూర ఉందంటే కూర్చున్నాను. ఆవపెట్టిన పనసపొట్టు, ముద్దపప్పు, గడ్డపెరుగు, మూడు రూపాయలు. మా వైపు కూరలో కారం ఎంతుందో చూస్తారు. ఇక్కడ తినేవాళ్ళ మొహంలో తృప్తి ఎంతుందో చూస్తారు. "ఇంకొంచెం వేయించుకోండి" అని నాలుగుసార్లు అడిగాక, వద్దంటే వాళ్ళు బాధపడతారేమోనని తిన్నాను.

వడ్డించిన ఆయనే చెయ్యి తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడ్డారు. "ఏ ఊరండీ? ఎవరింటికండీ?"

ఊరి పేరు చెప్పాను. మీకు మాత్రం చెప్పను, ఆ పాఠం నాకు బాగా ఒంటబట్టింది. ఆత్రేయపురం వైపు కాలవ గట్టున ఉంటుందని మాత్రం రాస్తాను. రేకులు చేసే రత్నంగారింటికి అన్నాను.

ఆయన మొహం చిన్నబోయింది. "కామెర్ల రత్నంగారాండీ?" అని గొంతు తగ్గించారు. "ఒకప్పుడు మా కొట్లో కూడా ఆవిడ రేకులే పెట్టేవాళ్ళమండి. కాగితం అయినా కొంచెం మందంగా ఉంటుందేమో గానండి, ఆవిడ రేకు ఉండదు. పాపం, ఏదో మాయదారి జబ్బంటండి. పట్నం నుంచి డాక్టరే రాసేరంట."

ఆ డాక్టర్ని నేనేనని చెప్పడానికి నోరు రాలేదు.

కాలవ గట్టున

మర్నాడు పొద్దున్నే రిక్షాలో లొల్ల లాకుల మీదుగా వెళ్ళాను. వేసవిలో కట్టేసిన కాలవలకి నీళ్ళు వదిలి నెల దాటింది. లాకుల దగ్గర ఆడవాళ్ళు బిందెలు ముంచుతున్నారు. ఏటా కొత్త నీళ్ళు తాగే ఈ నెలలోనే ఇక్కడ కామెర్లు మొదలవుతాయి. ఆ బిందెలు చూస్తుంటే నా కళ్ళు ఉద్యోగం చెయ్యడం మొదలుపెట్టాయి. కాచి తాగండమ్మా అని రిక్షాలోంచే అరిచాను. "ఆయ్" అన్నారందరూ.

రత్నంగారిది పెంకుటిల్లు. ఆవిడకి నలభై లోపే. బక్కపల్చటి మనిషి, పెద్ద కళ్ళు. భర్త నాలుగేళ్ళ క్రితం పొట్టలో నీరు పట్టి పోయారు, ఆ కారణంతోనే మేం ఆ ఇంటికి మొదటిసారి వెళ్ళింది. ఇప్పుడు ఇంట్లో ఆవిడా అత్తగారు చిట్టెమ్మగారూ, ఇద్దరే.

నన్ను చూడగానే చాప వేశారు. కూర్చున్నాను. అయిదు నిమిషాలయింది, పది నిమిషాలయింది. కోనసీమలో గుమ్మంలోకి వచ్చిన మనిషికి మంచినీళ్ళివ్వకుండా మాట మొదలుపెట్టరు. వీళ్ళు మొదలుపెట్టారు. కాసేపటికి చిట్టెమ్మగారు పక్కింటివాళ్ళని కేకేసి "కొంచెం కాఫీ పంపండమ్మా, పట్నం నుంచి డాక్టరుగారొచ్చేరు" అన్నారు. అప్పుడు వెలిగింది నాకు.

"మీ ఇంట్లో నీళ్ళు లేవా రత్నంగారూ?"

"ఉన్నాయండి. మీరు తాగుతారో తాగరోనని..."

సిగ్గుతో చచ్చిపోయాను. నేనే లేచి వెళ్ళి కుండలోంచి ముంచుకుని తాగాను. ఇంకో గ్లాసు కూడా తాగాను. నీళ్ళు కాచలేదని తెలిసినా తాగాను, అది వేరే సంగతి.

ఆవిడ కుండ చూపించారు. పూతరేకులు నేను తినడమే గాని ఎలా చేస్తారో చూడలేదు. ప్రత్యేకంగా చేయించిన నున్నటి కుండని పొయ్యి మీద బోర్లించినట్టు పెట్టి, కింద కొబ్బరాకు మంట పెడతారట. బియ్యప్పిండిని నీళ్ళలా పల్చగా కలిపి, అందులో గుడ్డ ముంచి, కాలే కుండ మీద ఒక్కసారి లాగితే చాలు, క్షణంలో పొర లేస్తుంది. ఆ పొరే రేకు. దానికి నెయ్యి రాసి బెల్లం పొడి జల్లి మడుస్తారు. ఆ కుండ ఇప్పుడు మూలన ఉంది, దాని మీద కోడిపెట్ట కూర్చుంది.

"కార్డు ఎలా బయటికి తెలిసింది?" అని అడిగాను.

చిట్టెమ్మగారు అప్పటిదాకా ఆపుకున్న కోపం బయటికొచ్చింది. "ఎలా తెలుస్తుందేంటమ్మా? పోస్టుమేన్ కొట్టు దగ్గర కూచుని కార్డులన్నీ చదువుతాడు. అరిటికాయల బేరమొచ్చినా అక్కడే, పురుడొచ్చినా అక్కడే. వీర్రాజు కొట్లోనే మా రేకులు అమ్మేది. వినీ వినగానే ఆ వీర్రాజు వచ్చి, మా వాకిట్లో నిలబడి, 'ఇంక పంపకమ్మా' అన్నాడు. గుమ్మం తొక్కలేదు. పాతికేళ్ళు మా ఇంట్లో కాఫీ తాగిన మనిషి. ఇప్పుడతనికీ కళ్ళు పచ్చబడ్డాయి, పసరుకి వెళ్ళాడు. మా రేకుల వల్లేనని ఊరంతా ఒకటే గోల."

పోస్టుమేన్‌ని వెతుక్కుంటూ వెళ్ళాను, కడిగేద్దామని. అరవై దగ్గరపడిన మనిషి, సైకిలుకి ఆనుకుని నిలబడి నేను కేకలేసినంతసేపూ చేతులు కట్టుకుని విన్నాడు. "తప్పేనండి," అన్నాడు. "కాని అమ్మా, కార్డంటే ఊరందరికీ రాసినట్టేనండి. ఒకరికే రాయాలంటే కవరు రాస్తారండి ఇక్కడ. మీకు తెలవదేమో అనుకోలేదండి." వెనక్కి వచ్చేశాను. కార్డు చవకని వాడిన మాట నిజం.

సాయంత్రం గ్రంథాలయం అరుగు మీద ఊరివాళ్ళని పిలిపించాను. ముప్పై మంది దాకా వచ్చారు. ఈ క్రిమి రక్తంలో ఉంటుందని, తెగిన గాయంతో, సూదితో పాకుతుందని, కాన్పులో తల్లి నుంచి బిడ్డకి వస్తుందని, అన్నంతో రాదని, చేత్తో ముట్టుకుంటే రాదని అరగంట చెప్పాను. వీర్రాజుగారికి వచ్చినవి కొత్త నీళ్ళ కామెర్లని, అదే నెలలో ఊళ్ళో ఇంకో నలుగురికి వచ్చాయని, వాళ్ళలో ఎవరూ ఆవిడ రేకులు తిన్నవాళ్ళు కాదని చెప్పాను. ప్రతి వాక్యానికీ "ఆయ్" అన్నారు. ఇంత బాగా వినే సభ నాకు ఢిల్లీలో కూడా దొరకలేదు. చివర్లో రత్నంగారు ఎప్పుడో దాచిన రేకు ఒకటి తీసి అందరి ముందూ తిన్నాను.

అంతా అయ్యాక ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చి, "బాగా చెప్పేరండి," అన్నారు. "మీకేం భయం లేదులెండి. మీ డాక్టర్లు ముందే ఏదో ఇంజెక్షన్ చేయించుకుని వస్తారు కదండీ."

ఒక్కరు కూడా ఒక్క రేకు అడగలేదు.

ఇంటికొచ్చి తల పట్టుకుని కూర్చుంటే చిట్టెమ్మగారు మెల్లిగా అన్నారు. "రాజోలు మాస్టారు చెబితే వింటారమ్మా. కామెర్ల సంగతి ఆయనకి తెలిసినంత ఎవరికీ తెలవదు."

అంటే పసరు మందు ఇచ్చే మనిషి. నా పదిహేనేళ్ళ ఉద్యోగంలో సగం పసరు మీద యుద్ధమే. ఆకు రసాలు తాగి, నెలలు గడిచాక, ఇక చెయ్యడానికేమీ లేని స్థితిలో ఆస్పత్రికి వచ్చినవాళ్ళని ఎంతమందిని చూశానో. సభల్లో లేచి నిలబడి మరీ మాట్లాడాను. ఇప్పుడు వెళ్ళి అలాంటి మనిషి గుమ్మంలో నిలబడాలా?

రత్నంగారు మూలనున్న కుండ మీంచి కోడిని అదిలించి, కొంగుతో కుండ తుడుస్తున్నారు.

"పొద్దున్నే బస్సెన్నింటికి?" అని అడిగాను.

గన్నవరం అక్విడక్టు

రత్నంగారు కూడా వచ్చారు. కార్డు వచ్చాక ఊరు దాటడం అదే మొదటిసారట. కిటికీ పక్క సీటు ఇస్తే చిన్నపిల్లలా కూర్చున్నారు.

గన్నవరం దగ్గర నేను సీట్లోంచి లేచి నిలబడిపోయాను. కింద నది పోతోంది. నది మీద వంతెన. ఆ వంతెన మీద ఒక కాలవ పోతోంది. కాలవ పక్కనే మా బస్సు పోతోంది. నీళ్ళ మీదినుంచి నీళ్ళు వెళ్ళడం నేను ఇంతకు ముందెక్కడా చూడలేదు. మా ఊళ్ళో ఇన్ని నీళ్ళుంటే పదేళ్ళు తాగేవాళ్ళం అన్నాను. రత్నంగారు నవ్వి, "మా నీళ్ళు తాగితే కామెర్లొస్తాయంటారు గదండీ మీరు," అన్నారు. అంతకు ముందు ఆవిడ నవ్వడం నేను చూడలేదు.

తర్వాత భర్త గురించి చెప్పారు. "ఎప్పుడు జ్వరమొచ్చినా ఊళ్ళోకి సైకిలు మీద ఒకాయన వచ్చేవారండి, సూది పొడవడానికి. ఒకటే సూదండి. వేడినీళ్ళలో ఇలా ముంచి అలా తీసి పొడిచేవారు. ఆ సూదాయన చనిపోయి కూడా చాలా కాలమైందండి. ఇంకెవరిని అంటామండి?" కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నారు. "మీరొచ్చి రక్తం తీసుకున్నప్పుడు, పోన్లే, ఇన్నాళ్ళకి మా ఇంటికొచ్చి అడిగినవాళ్ళున్నారు అనుకున్నానండి. రేకులు ఎవరూ కొనకపోతే అత్తయ్యగారికి రెండు పూటలా పెట్టలేనండి. నాకు చేతనైంది అదొక్కటే."

నేను ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

మాస్టారి అరుగు

మాస్టారి పేరు దేవదానం. బడిపంతులుగా చేసి రిటైరయ్యారు. ఇంటి పక్కనే చిన్న చర్చి. మేం చేరేసరికి అరుగు నిండా మనుషులున్నారు. పదకొండు రోజులు పరగడుపున పసరు తాగాలి కాబట్టి దూరాభారం వాళ్ళంతా ముందురోజే వచ్చి, పత్యం ముగిసేదాకా ఆ అరుగు మీదే ఉంటారట. మాస్టారు ఎవరి దగ్గరా పైసా పుచ్చుకోరు. పుచ్చుకుంటే ఆకు పనిచెయ్యదని నమ్మకం. పంచె కట్టిన పెద్ద కులాలవాళ్ళూ, జంధ్యాలవాళ్ళూ, గోచీ మనిషీ ఒకే చాప మీద కూర్చుని ఉప్పు లేని చప్పిడి మెతుకులు తింటున్నారు.

నేనెవరో చెప్పాను. పసరు మీద నేను మాట్లాడినవన్నీ కూడా చెప్పేశాను, దాచి ఏం లాభం. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, లోపలికి తీసుకెళ్ళి, రత్నంగారి కథంతా విన్నారు. కార్డు మాట వచ్చినప్పుడు నవ్వలేదు.

"మా తాత పాలేరండి," అన్నారు. "ఆయన చేతి నీళ్ళు ఊళ్ళో ఎవరూ ముట్టేవారు కాదండి. కుండ తగిలితే కుండ పగలగొట్టేవారు. ఆ పగలగొట్టినవాళ్ళే, కళ్ళు పచ్చబడితే, చీకటుండగానే వచ్చి మా తాత ముందు దోసిళ్ళు పట్టేవారండి. ఆయన పైనుంచి పోసేవారు, చెయ్యి తగలకుండా. మా నాన్నగారి రోజులొచ్చేసరికి తగిలినా ఊరుకున్నారు. ఇప్పుడు నాకు దణ్ణాలు పెడుతున్నారు. చేతిని వెలెయ్యడం అంటే ఏంటో మీరు నాకు చెప్పక్కర్లేదండి."

రత్నంగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"ఒక్కటి అడుగుతానండి. మీ చదువు మీద ఒట్టేసి చెప్పండి. ఈ అమ్మాయి చేతి తిండితో ఎవరికైనా ఆ జబ్బు వస్తుందా?"

"రాదు మాస్టారూ. చేతి మీద పచ్చి గాయం లేనంతవరకూ రాదు."

"ఆ గాయం మాట కలిపేరు చూడండి. అందుకు నమ్ముతానండి."

కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని ఆయనే, "మరి నా పసరు సంగతి ఏమంటారండీ?" అన్నారు.

ఇంత మర్యాద చేసిన మనిషికి ఏం చెప్పాలి? ఉన్నదే చెప్పాను. "కామెర్లు చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి, మీరు మందిచ్చినా ఇవ్వకపోయినా. కొన్ని తగ్గవు. వాటికి నా దగ్గరా మందు లేదు."

ఆయనకి కోపం రాలేదు. గోడకున్న ఒక ఫోటో వైపు చూశారు, ఎవరో స్త్రీ. "మా ఆవిడవి తగ్గని రకం అయ్యుంటాయండి. పంతొమ్మిది రోజులు నేనే పోశాను. ఊరందరికీ తగ్గించి, ఇంట్లో... నేను పోసిందాని వల్లే పోలేదు కదండీ?"

వెంటనే లేదు అనెయ్యొచ్చు. కాని ఆయన అడిగింది ఓదార్పు కోసం కాదు. పొట్ట ఎప్పుడు ఉబ్బింది, కాళ్ళు వాచాయా, అంతకు ముందు ఎన్నేళ్ళ నుంచి నీరసం అని ఒక్కొక్కటే అడిగాను. ఆయన గుర్తు చేసుకుని ఒక్కొక్కటే చెప్పారు. పసరు మొదలుపెట్టే నాటికే కాలేయం ఎండిపోయిందని స్పష్టంగా తెలుస్తోంది.

"మీ వల్ల కాదు మాస్టారూ. ఆ రోజున ఆవిణ్ణి మా వార్డుకి తెచ్చినా మేం బతికించలేకపోయేవాళ్ళం."

ఆయన చాలాసేపు పంచె అంచు సర్దుకుంటూ కూర్చున్నారు. తర్వాత ఒక పలక తెచ్చి నా ముందు పెట్టి, ఎవరికి పసరు ఇవ్వకుండా తిన్నగా ఆస్పత్రికి పంపాలో రాయమన్నారు. పొట్ట ఉబ్బినవాళ్ళు, రక్తం కక్కినవాళ్ళు, మాట తడబడినవాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు అని రాశాను. ఢిల్లీ సభల్లో చదివిన పత్రాలన్నింటికన్నా ఆ పలక ఎక్కువ ప్రాణాలు కాపాడిందని ఇవాళ్టికీ నా నమ్మకం.

తెల్లవారింది. జనం వరసగా కూర్చున్నారు. మాస్టారు ఆకుల బుట్ట తెచ్చి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుని, ఉన్నట్టుండి, "రత్నమ్మా, ఇలా రండి. ఇవాళ మీరు నూరి పొయ్యండి," అన్నారు.

మాస్టారు నా వైపు చూశారు, గాయం సంగతి చూడమని. నేను ఆవిడ రెండు చేతులూ పొద్దుటి వెలుతుర్లోకి తిప్పి, ఒక్కో వేలూ చూశాను. ఇరవై ఏళ్ళు కాలే కుండ మీద రేకు లాగిన వేళ్ళు. కొనలు కాయలు కాసి, రేఖలు అరిగిపోయి ఉన్నాయి. ఎడమ బొటనవేలి మీద చిన్న గీత కనబడింది, కత్తిపీట తగిలిందట. నేను దాచలేదు. "కుడిచెయ్యి ఒక్కటే," అన్నాను. మాస్టారు ఎడమచేతిని వెనక్కి పెట్టుకోమని చెప్పి, ఆకులు కడిగి రోట్లో వేశారు.

ఆకు చూడగానే గుర్తుపట్టాను, నేల ఉసిరి. మా ప్రయోగశాల బయట గోడ పక్కన కూడా మొలుస్తుంది. ఆయన రహస్యం నేను బయటపెట్టనని మనసులో అనుకున్నాను. ఇప్పుడు రాసేశాను. మాస్టారు క్షమించాలి.

రత్నంగారు కుడిచేత్తో నూరి, అదే చేత్తో పిండి, దోసిళ్ళలో పోసుకుంటూ వెళ్ళారు. ఎవరికీ ఆవిడెవరో తెలియదు. మాస్టారు పొయ్యమన్నారు కాబట్టి తాగుతున్నారు. వరసలో ఏడో మనిషి దగ్గర ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

వీర్రాజుగారు. లావుపాటి మనిషి బాగా తగ్గిపోయి, కళ్ళు ఇంకా పసుపుగా, ఆవిణ్ణి చూసి దోసిలి సగం మూశారు. వెనకాల నిలబడ్డ ఆయన భార్య ఒక అడుగు ముందుకేశారు. ఎవరికీ ఏమీ తెలియదు, మా అయిదుగురికి తప్ప.

మాస్టారు బడిలో పిల్లల్ని పిలిచినట్టు పిలిచారు. "వీర్రాజుగారూ. మీ పదకొండు రోజులూ ఇవాళ్టితో ఆఖరండి. ఆ చేతిలోంచి తాగితేనే నా మందు. లేకపోతే లేదు."

ఆయన తల వంచుకున్నారు. దోసిలి తెరుచుకుంది. రత్నంగారు పిండిన పసరు కొంత ఆయన మణికట్టు మీద కూడా పడింది. ఆయన తాగారు. తాగి, కళ్ళు గట్టిగా మూసుకున్నారు, చేదుకో, మరి దేనికో.

"రేపు పత్యం విడవండి," అన్నారు మాస్టారు. "నోట్లో మొట్టమొదట పెట్టేది రత్నమ్మ చేతి రేకవ్వాలి."

"నెయ్యి మాత్రం వద్దు," అన్నాను నేను, అలవాటు కొద్దీ.

"నెయ్యి లేని రేకేంటండీ, విరిగిపోతుంది!" రత్నంగారు నా మీద మొదటిసారి గొంతు పెంచారు. వెంటనే తగ్గించి, "సరేలెండి, తడిగుడ్డ అద్ది మడుస్తాను," అన్నారు. తర్వాత వీర్రాజుగారి వైపు తిరిగారు. ఆ గొంతులో కోపమూ లేదు, బతిమాలుకోవడమూ లేదు. "రేపు వాకిట్లో నిలబడకండి బాబాయ్‌గారూ. లోపలికొచ్చి, కూచుని తినాలండి."

మళ్ళీ కాలవ గట్టున

మర్నాడు నా రైలు పోయింది. పోతే పోయిందిలే అని ఉండిపోయాను. పెట్టెలో ఐసు కూడా కరిగిపోయింది, రక్తం మాట ఎత్తలేదు. పొద్దున్నే చిట్టెమ్మగారు కుండ కడిగి, పసుపు రాసి, పొయ్యి మీదికి ఎక్కించారు. కొబ్బరాకు మంట ఎగిసింది. రత్నంగారు గుడ్డ ముంచి లాగిన మొదటి రేకు చిరిగిపోయింది, రెండోదీ చిరిగింది. ఆరు నెలల తర్వాత చెయ్యి మళ్ళీ అలవాటు పడొద్దూ? మూడోది లేచింది. కిటికీకేసి ఎత్తి పట్టుకుంటే అవతలున్న అరటిచెట్టు కనబడింది.

తొమ్మిదయింది, పదయింది. ఎవరూ రాలేదు. చిట్టెమ్మగారు గుమ్మంలోకి పదిసార్లు తిరిగారు. నాకైతే ఏడుపొకటే తక్కువ. పదకొండు దాటాక చెప్పుల చప్పుడయింది. వీర్రాజుగారు, భార్య. వాకిట్లోకి వచ్చి ఒక్క క్షణం ఆగారు. అదే చోట ఆయన ఆరు నెలల క్రితం నిలబడ్డారట. ఎదురింటి అరుగు మీద జనం మాట్లాడుకోవడం ఆపి ఇటే చూస్తున్నారు.

ఆయన చెప్పులు విడిచి, గుమ్మం దాటి లోపలికొచ్చి, పీట మీద కూర్చున్నారు.

రత్నంగారు అరిటాకు ముక్క వేసి రేకు పెట్టారు. ఆయన తుంచి నోట్లో పెట్టుకున్నారు. పదకొండు రోజులు చప్పిడి మెతుకులు తిన్న నాలిక మీద బెల్లం కరుగుతున్నట్టు మొహంలోనే తెలుస్తోంది. మొత్తం తినేసి, ఆకు మీద రాలిన పొడి కూడా వేలితో అద్దుకుని తిన్నారు. తలెత్తకుండానే ఆకుని కొంచెం ముందుకి జరిపారు.

"ఇంకోటి పెట్టమ్మా," అన్నారు.